స్కానింగ్ క్యాంపు పెట్టే ముందు మన సంఘానికి కొన్ని ప్రశ్నలు



వచ్చే నెల మళ్ళీ ఆడవాళ్ళకు ఉచిత స్కానింగ్ క్యాంపు పెడుతున్నామని కమిటీ గ్రూపులో వేసింది. కింద చప్పట్లు, దండాలు బోలెడు పడ్డాయి. మేము వేయలేదు. ఎందుకు వేయలేదో చెప్పకుండా ఊరుకుంటే తప్పవుతుంది కాబట్టి రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. మేము బడిలో చదివింది అరవం. తెలుగు ఇంట్లో, ఇక్కడ రాయచూరులో మీ అందరి మధ్య నేర్చుకున్నదే. భాషలో తప్పులుంటే మన్నించండి, విషయంలో తప్పుంటే నిలదీయండి.

గతసారి క్యాంపు గుర్తుందా? షామియానా వేయించింది మనం, ఉప్మా వండించింది మనం, మైకులో పేర్లు పిలిచింది మేమే. సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల నుంచి కూడా మనవాళ్ళు ట్రాక్టర్లలో వచ్చారు. పేర్లు రాసుకుని వ్యాన్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి స్కానింగుకు పంపాం. సాయంత్రానికి చాలామంది చేతుల్లో ఒకే మాట ఉన్న కాగితం: అండాశయంలో సిస్టు. దాంతోపాటు ఒకే సలహా: ఆపరేషన్.

ఆ కాగితం మా చిన్న కోడలికీ వచ్చింది. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. వయసు 31. ఎడమవైపు 4 సెంటీమీటర్ల నీటి బుడగ. "ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఇంక గర్భసంచితో పనేముంది? అన్నీ కలిపి తీసేస్తే పీడ వదులుతుంది. శుక్రవారం చేర్చండి" అన్నారు.

మేము తలూపాం. సిగ్గుపడుతూనే రాస్తున్నాం. పార్శిల్ ఆఫీసులో ఒక్క రూపాయి తేడా వస్తే రిజిస్టరంతా తిరగేసే వాళ్ళం, ఇంటి పిల్ల ఒంట్లో అవయవం తీస్తామంటే ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగింది ఆ పిల్లే. "మామయ్యా, బుడగ అండాశయంలో ఉంటే గర్భసంచి ఎందుకు తీయాలి?" అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న పట్టుకుని వేరే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె చెప్పింది విన్నాక మా తల దించుకున్నాం. నెలసరి వచ్చే వయసులో ప్రతి నెలా అండం ఒక చిన్న నీటి తిత్తిలోనే పెరుగుతుంది. ఆ తిత్తి పగిలి అండం బయటికి రావాలి. ఒక్కోసారి పగలదు, లేదా పగిలాక మూసుకుని మళ్ళీ నీళ్ళు పడతాయి. అదే ఈ బుడగ. అరవంలో దీన్ని 'నీర్‌కట్టి' అంటారు. లోపల ఉత్త నీళ్ళే ఉండి, 5 సెంటీమీటర్లకు మించకపోతే, చాలావరకు రెండు మూడు నెలసరుల్లో దానంతట అదే పోతుంది. అంతకంటే పెద్దదైతే మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి చూస్తారు. 7 సెంటీమీటర్లు దాటినా, లోపల గట్టి భాగాలు కనిపించినా ఇంకా లోతుగా పరీక్షించాలి, ఆపరేషన్ ఆలోచించాలి. ఆపరేషన్ అవసరమైనా, పిల్లల వయసు ఆడవాళ్ళలో బుడగ ఒక్కటే తీసి అండాశయాన్ని మిగల్చవచ్చు. గర్భసంచి జోలికి పోవాల్సిన పని సాధారణంగా ఉండదు.

మేము మూడు నెలలు ఆగాం. మళ్ళీ స్కాన్ తీస్తే బుడగ లేదు.

మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగే పిల్ల ఉంది, బతికిపోయాం. అదే వ్యాన్లో వెళ్ళినవాళ్ళలో ప్రశ్న అడగని ఒకామె ఉంది. నాట్లకు, కలుపుకు వెళ్ళే మనిషి. ఆమె వయసు కూడా ముప్పై దాటి ఎంతో కాలేదు. గర్భసంచీ, రెండు అండాశయాలూ తీసేశారు. రెండు అండాశయాలూ పోతే ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. యాభైలో రావాల్సిన ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకల నీరసం ముప్పైలోనే వస్తాయి. గుండెజబ్బు భయమూ పెరుగుతుంది. ఇప్పుడామె పొలానికి పోలేదు. ఆపరేషన్‌కు చేసిన అప్పు మాత్రం పోలేదు. ఆమె పేరు మైకులో పిలిచింది మేము. దీనికి ఎవరు జవాబు చెప్పాలి?

"ఎక్కడో ఒకటి రెండు జరుగుతాయి" అంటారా? మన పక్క కలబురగిలో 2015లో ఏం బయటపడిందో మరిచిపోయారా? కడుపునొప్పి, తెల్లబట్ట అని వెళ్ళిన లంబాణీ, దళిత ఆడవాళ్ళకు గర్భసంచులు తీసేశారు. వాళ్ళలో నలభై నిండనివాళ్ళు ఎందరో. 2017లో ఆ ఆడవాళ్ళే వీధికెక్కారు. పోనీ అది వాళ్ళ గోల అనుకుంటే, మన తెలుగువాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి ఎనిమిది తొమ్మిది మంది. మనవాళ్ళ ఒళ్ళు వేరా? కాదు. "పిల్లలు పుట్టాక అది ఉత్త సంచి" అనే మాట మన ఇళ్ళలో అత్తగార్లు, భర్తలు, మామలు అందరం అంటాం. ఆసుపత్రి ఆ మాటనే మనకు తిరిగి అమ్ముతుంది.

డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. కోర్టు అంత దూరం వెళ్ళింది, మన సంఘం మాత్రం వ్యాను మాట్లాడి పంపిస్తోంది!

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మేమూ దోషులమే. ఆగమంటే మరిచిపొమ్మని కాదు. మా దూరపు చుట్టం ఒకావిడ, ముట్లు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే నిండినట్టుండేది. గ్యాస్ అని కషాయాలు తాగుతూ ఏడాది గడిపింది. చివరికి అండాశయ క్యాన్సర్ అని తేలింది, దక్కలేదు. ముట్లు ఆగాక కనిపించే బుడగను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. ఆ వయసులో సీఏ-125 రక్తపరీక్ష, స్కాన్ కలిపి చూస్తారు. చిన్న వయసులో ఆ పరీక్ష ముట్టులో ఉన్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా పెరగవచ్చు, దాన్ని చూపించి భయపెడితే నమ్మేయకండి. హఠాత్తుగా ఒక పక్క భరించలేని నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి. అండాశయం మెలి పడి ఉండవచ్చు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి.

కాబట్టి క్యాంపు వద్దు అనడం లేదు. ఇవి ఒప్పుకుంటేనే పెట్టండి అంటున్నాం.

1. స్కాన్ చేసే ఆసుపత్రికే ఆపరేషన్లు కట్టబెట్టకూడదు.
2. బుడగ ఎంత సైజు, లోపల నీళ్ళా గట్టిదా అన్నది రాసిన రిపోర్టు ఆమె చేతికే ఇవ్వాలి, భర్త చేతికి కాదు.
3. ఆ రోజు ఎవరికీ ఆపరేషన్ తేదీ రాయకూడదు. ప్రాణం మీదికి వచ్చిన కేసులు తప్ప.
4. ఆపరేషన్ అన్న ప్రతి ఒక్కరినీ రెండో అభిప్రాయానికి మన రిమ్స్‌కు సంఘం మనిషే తోడు వెళ్ళి చూపించాలి.
5. మూడు నెలల తర్వాత అందరికీ మళ్ళీ ఫోను చేయాలి. ఉప్మాకు పెట్టే ఖర్చులో సగం దీనికి పెడితే చాలు.

ఈ అయిదూ చూడటానికి కమిటీలో కనీసం ముగ్గురు ఆడవాళ్ళు ఉండాలి. ఆడవాళ్ళ కడుపుల గురించి ఇన్నాళ్ళూ మగవాళ్ళమే మీటింగులు పెట్టుకున్నాం.

కమిటీ పెద్దలు జవాబు ఇక్కడే, అందరి ముందు ఇవ్వండి. ఫోను చేసి బుజ్జగించవద్దు. అక్కచెల్లెళ్ళారా, మీ ఇంట్లో అలాంటి కాగితం ఉంటే ఇవాళే తీసి సైజు చూడండి. సంతకం పెట్టే ముందు మా కోడలు అడిగిన ప్రశ్న అడగండి. మాలాంటి మామలు తలూపినా సరే, మీరు ఊపకండి.