ఫోన్‌లో డేటాబేస్ చూడండి, చంపాల్సిన సెషన్ చంపండి... డేటా మాత్రం ముట్టుకోకండి

"ల్యాప్‌టాప్ అక్కర్లేదు, బ్రౌజర్ ఉంటే చాలు. ఎక్కడి నుంచైనా మీ డేటాబేస్‌ని మానిటర్ చేయండి, ఫిక్స్ చేయండి." ఈమధ్య ఏ డేటాబేస్ టూల్ సైట్ తెరిచినా ఇలాంటి లైన్ ఒకటి కనిపిస్తోంది. మానిటర్ చేయండి అన్నంతవరకు నాకేం గొడవ లేదు, ఆ పనికి ఫోన్ బ్రౌజర్ సూపర్. నా పేచీ అంతా ఆ "ఫిక్స్" అనే మాటతోనే. అందులో రెండు వేరువేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఇరుక్కుపోయిన సెషన్‌ని వదిలించడం ఒకటి, డేటాని మార్చడం ఇంకొకటి. మొదటిది ఫోన్ నుంచి హాయిగా చేసుకోవచ్చు. రెండోదానికి ఫోన్‌లో పర్మిషనే ఉండకూడదని నా అభిప్రాయం.

బ్రౌజర్‌లో డేటాబేస్ నడపడం కొత్త విషయమేం కాదు. బీటెక్‌లో మినీ ప్రాజెక్ట్ చేసినవాళ్లలో జాంప్ ఇన్‌స్టాల్ చేసి పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో టేబుల్స్ క్రియేట్ చేయనివాళ్లు తక్కువ. అది 1998 నుంచే ఉంది. పోస్ట్‌గ్రెస్ వైపు పీజీఅడ్మిన్ కూడా 2016లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో వెబ్ యాప్ అయిపోయింది. అడ్మినర్ అయితే ఒకే ఒక్క పీహెచ్‌పీ ఫైల్, సర్వర్‌లో పడేస్తే పనిచేసేస్తుంది. క్లౌడ్ కంపెనీల కన్సోల్స్ సంగతి సరే సరి. మారిందల్లా ఒకటే, ఇవన్నీ ఇప్పుడు ఆరున్నర అంగుళాల స్క్రీన్ మీద, ఒక బొటనవేలితో తెరుచుకుంటున్నాయి.

దీనివల్ల లాభం లేదని నేను అనట్లేదు. పోయిన సంక్రాంతికి బస్సులో రాజమండ్రి వెళ్తున్నాను. సూర్యాపేట దాటాక అలర్ట్ వచ్చింది, ఆర్డర్స్ పేజీ ఓపెన్ అవ్వట్లేదని. ఫోన్‌లో వీపీఎన్ ఆన్ చేసి డ్యాష్‌బోర్డ్ తెరిచాను. సీపీయూ ఖాళీగానే ఉంది, కనెక్షన్లు మాత్రం లిమిట్ దాకా వచ్చేశాయి. అంటే డేటాబేస్ కష్టపడట్లేదు, దేనికోసమో క్యూలో నిలబడి ఉంది. సెషన్ల లిస్ట్‌లో పైనే ఒకటి "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని కనిపించింది. ఎవరో బిగిన్ అని మొదలుపెట్టి, ఆ టేబుల్‌కి ఒక కాలమ్ కలిపి, కమిట్ కొట్టకుండా భోజనానికి వెళ్లిపోయారు. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ టేబుల్ చాలా సందర్భాల్లో అన్నిటికంటే గట్టి లాక్ పట్టుకుంటుంది. అది వదిలేదాకా ఆ టేబుల్‌లో మామూలు సెలెక్ట్ కూడా కదలదు. ఆ ఒక్క సెషన్‌ని టెర్మినేట్ చేశాను, వెనక ఉన్న క్యూ మొత్తం కదిలింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం తెలిసుండాలి. పోస్ట్‌గ్రెస్‌లో క్యాన్సిల్ వేరు, టెర్మినేట్ వేరు. క్యాన్సిల్ అంటే నడుస్తున్న క్వెరీని ఆపడం. ఐడిల్‌గా కూర్చున్న సెషన్‌లో నడుస్తున్న క్వెరీయే ఉండదు కాబట్టి క్యాన్సిల్ ఎన్నిసార్లు నొక్కినా ఏం జరగదు. కనెక్షన్‌నే తెంచాలి. తెంచితే కమిట్ అవ్వని పని వెనక్కి పోతుంది, అంతే. ఆ కాలమ్ కావాలంటే తిరిగొచ్చాక మళ్లీ కలుపుకుంటారు. ఒకవేళ నేను తప్పు సెషన్‌ని చంపినా ఎవరికో ఒక ఎర్రర్ వస్తుంది, మళ్లీ ట్రై చేస్తారు. డేటా ఎక్కడికీ పోదు.

అదే డిలీట్ లేదా అప్‌డేట్ అయితే కథ వేరు. దానికి బ్రౌజర్ సొంతంగా కలిపే రిస్కులు కొన్ని ఉన్నాయి, రివ్యూల్లో వీటి గురించి ఎవరూ మాట్లాడరు.

పీహెచ్‌పీమైఅడ్మిన్‌నే తీసుకోండి. జాగ్రత్తపరులు ఏం చేస్తారు? స్టార్ట్ ట్రాన్సాక్షన్ అని రన్ చేసి, తర్వాత అప్‌డేట్ రన్ చేసి, ఎన్ని వరసలు మారాయో చూసి, తేడాగా ఉంటే రోల్‌బ్యాక్ కొడదాం అనుకుంటారు. టెర్మినల్‌లో ఇది కరెక్ట్ పద్ధతి. బ్రౌజర్‌లో మాత్రం మీరు "గో" నొక్కిన ప్రతిసారీ అది కొత్త రిక్వెస్ట్, మామూలుగా డేటాబేస్‌కి కొత్త కనెక్షన్. మీ ట్రాన్సాక్షన్ మొదటి రిక్వెస్ట్‌తోనే ముగిసిపోయింది. అప్‌డేట్ విడిగా, వెంటనే కమిట్ అయిపోతుంది. రోల్‌బ్యాక్ కొడితే ఎర్రర్ కూడా రాదు, ఆకుపచ్చ టిక్ చూపిస్తుంది. వెనక్కి మాత్రం ఏదీ రాదు. ఆ ఆకుపచ్చ టిక్ అంత మోసం ఇంకోటి లేదు.

ఇంకోటి, 504. పెద్ద టేబుల్‌కి ఆల్టర్ కొడతారు, నిమిషం తర్వాత గేట్‌వే టైమవుట్ వస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ డీఫాల్ట్‌గా వెనకున్న సర్వర్ కోసం 60 సెకన్లు చూసి చేతులెత్తేస్తుంది. చేతులెత్తేసింది వెబ్ సర్వర్ మాత్రమే, డేటాబేస్ కాదు. లోపల ఆ ఆల్టర్ ఇంకా నడుస్తూనే ఉండొచ్చు. ఫెయిలైంది అనుకుని మళ్లీ నొక్కితే రెండోది వెళ్లి మొదటిదాని వెనక నిలబడుతుంది. ట్యాబ్ మూసేసినంత మాత్రాన క్వెరీ ఆగుతుందన్న గ్యారంటీ కూడా లేదు.

ఇక అచ్చంగా ఫోన్ తెచ్చిపెట్టే తలనొప్పులు. ఐఫోన్‌లో స్మార్ట్ పంక్చుయేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మీరు కొట్టిన మామూలు కోట్స్‌ని వంపు తిరిగిన కోట్స్‌గా, రెండు హైఫన్లని ఒక పొడుగు గీతగా మార్చేస్తుంది. వాట్సాప్ మెసేజ్‌కి అందంగా ఉంటుంది, ఎస్‌క్యూఎల్‌కి సింటాక్స్ ఎర్రర్. ఇది చిరాకే తప్ప ప్రమాదం కాదు. ప్రమాదం సెలెక్షన్‌తో ఉంది. పీజీఅడ్మిన్‌లాంటి టూల్స్‌లో కొంత టెక్స్ట్ సెలెక్ట్ అయి ఉంటే ఆ ముక్క మాత్రమే రన్ అవుతుంది. టచ్ స్క్రీన్ మీద వేలు కాస్త ఎక్కువసేపు పెడితే సెలెక్షన్ దానంతటదే మొదలవుతుంది. "డిలీట్ ఫ్రమ్ ఆర్డర్స్" అనే లైన్ సెలెక్ట్ అయ్యి, కింద లైన్‌లో ఉన్న "వేర్" మిగిలిపోయి, రన్ నొక్కారనుకోండి... మిగతాది మీరే ఊహించుకోండి. మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌లో ఇలాంటి వాటికి సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్ ఉంది. దాని ఇంకో పేరు "ఐ యామ్ ఎ డమ్మీ", నిజంగానే అలా పెట్టారు! నాకైతే అది ఆన్ చేసుకోవడంలో ఏ నామోషీ లేదు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది, అసలు ఏ సర్వర్‌లో ఉన్నామో తెలియకపోవడం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది చాలామందికి తెలిసే ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక రెప్లికేషన్ సమస్యతో కుస్తీ పడుతున్న ఇంజనీర్, సెకండరీ సర్వర్‌లో డేటా డైరెక్టరీ తీసేస్తున్నాననుకుని ప్రైమరీలో తీసేశారు. సెకను రెండు సెకన్లలో గమనించి ఆపారు. అప్పటికే 300 జీబీలో దాదాపు 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ పద్ధతులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నా సమయానికి అక్కరకు రాలేదు. చివరికి సుమారు ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్‌తో బయటపడ్డారు. ఆయన చేతిలో ఉన్నది టెర్మినల్, పక్కనే సర్వర్ పేరు కనిపిస్తూనే ఉంది, అనుభవం ఉన్న మనిషి. మన ఫోన్‌లో కాస్త స్క్రోల్ చేస్తే అడ్రస్ బారే మాయమైపోతుంది. ప్రొడక్షన్, స్టేజింగ్ రెండు ట్యాబ్‌లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

అందుకే మా టీమ్‌లో నేను పట్టుబట్టింది ఒకటే, ఫోన్‌కి వేరే లాగిన్. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి రెడీమేడ్ రోల్స్ ఉన్నాయి. పీజీ_మానిటర్ ఇస్తే సెషన్లు, లాక్‌లు, గణాంకాలు కనిపిస్తాయి, టేబుల్స్‌లోని డేటా చదవడానికి ఉండదు. ఇది పదో వెర్షన్ నుంచి ఉంది. పీజీ_సిగ్నల్_బ్యాకెండ్ ఇస్తే క్యాన్సిల్, టెర్మినేట్ చేయొచ్చు, సూపర్‌యూజర్ సెషన్లని తప్ప. ఈ రెండూ చాలు. బస్సులో నేను చేసిన పనికి ఇంతకంటే ఏమీ అవసరం పడలేదు. ఫోన్ ఎవరైనా కొట్టేసినా కస్టమర్ల టేబుల్స్ వాళ్ల చేతికి చిక్కవు. సెషన్ల లిస్ట్‌లో కనిపించే క్వెరీ టెక్స్ట్‌లో మాత్రం ఒక్కోసారి ఫోన్ నంబర్లు, ఈమెయిల్స్ ఉంటాయి, అది గుర్తుంచుకోవాలి.

మా లీడ్ గారు ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది. "సరిచేసే వీల్లేనప్పుడు అలర్ట్ ఎందుకు తమ్ముడూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏంటంటే, రాత్రి రెండింటికి వచ్చే అలర్ట్‌లలో వెంటనే చేయాల్సింది చాలావరకు రక్తం ఆపడమే, ఆపరేషన్ కాదు. తప్పుగా పడిన 200 వరసలు పొద్దున్న తొమ్మిదింటికి, ల్యాప్‌టాప్‌లో, పక్కన ఇంకొకరు చూస్తుండగా సరిచేసుకోవచ్చు. అప్పటిదాకా ఆగలేనిదైతే ల్యాప్‌టాప్ దగ్గరున్న ఇంకొకరికి ఫోన్ వెళ్లాలి, పెళ్లి పందిట్లో ఉన్నవాడికి కాదు. ఒకప్పుడు "ల్యాప్‌టాప్ తీసుకురాలేదండీ" అంటే వదిలేసేవారు. "బ్రౌజర్ ఉంటే చాలు" వచ్చాక ఆ మాటకి విలువ పోయింది. ఆన్‌కాల్‌కి పైసా ఎక్స్‌ట్రా ఇవ్వని చోట్ల ఇది ఇంకా ఘోరం. ఫోన్ లాగిన్‌కి హక్కులు తక్కువుంటే కాపాడబడేది డేటా ఒక్కటే కాదు, మన సెలవు కూడా.

ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. ఈ పేజీలని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు. ఏ సర్వర్ లాగ్ చూసినా పీహెచ్‌పీమైఅడ్మిన్ అడ్రస్ కోసం బాట్లు తలుపు కొడుతూనే ఉంటాయి. 2017 మొదట్లో పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన మాంగోడీబీలు వేల సంఖ్యలో తుడిచిపెట్టుకుపోయాయి, లోపల బిట్‌కాయిన్లు అడుగుతూ ఒక చీటీ మిగిలింది. వైర్‌గార్డ్ యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఫ్రీ. ముందు వీపీఎన్, తర్వాతే లాగిన్. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో 4.8 వెర్షన్ నుంచి టూ ఫ్యాక్టర్ కూడా ఉంది, ఆన్ చేసుకోండి.

ఇక దీనికోసం ఏ ఫోన్ కొనాలి అని అడిగేవాళ్లకి: ఫోల్డబుల్ అక్కర్లేదు, గేమింగ్ చిప్ అసలే అక్కర్లేదు. ర్యామ్ మాత్రం 8 జీబీకి తగ్గొద్దు. తక్కువైతే ఓటీపీ కోసం ఇంకో యాప్‌లోకి వెళ్లొచ్చేసరికి బ్రౌజర్ ట్యాబ్ మొదటి నుంచి లోడ్ అవుతుంది, మీరు చూస్తున్న సెషన్ల లిస్ట్ పోతుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి, హైవే మీద ఒకటి లేనిచోట ఇంకోటి దొరుకుతుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్‌లోకి వెళ్లి ఆ స్మార్ట్ పంక్చుయేషన్ ఇప్పుడే ఆఫ్ చేసేయండి.