ఎవరు చూశారో చెప్పలేని రిజిస్టరు

ఫిన్లాండ్‌లో ఓ ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంలో ఒక నర్సు ఉండేది. అదే ఆసుపత్రి అంటువ్యాధుల విభాగంలో 1987 నుంచి చూపించుకుంటోంది. హెచ్ఐవీ అని తేలింది. 1992 వచ్చేసరికి, సంగతి తోటివాళ్ళకు తెలిసిపోయిందని ఆమెకు అనుమానం. రోగుల రిజిస్టరు అప్పట్లో సిబ్బందిలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు మరి.

1996లో ఆమె ఫిర్యాదు చేసింది: నా ఫైలు ఎవరెవరు చూశారో తేల్చండి. తేల్చలేమన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆ సిస్టమ్‌లో చివరి ఐదుసార్లు చూసిన వివరమే కనిపిస్తుంది. అదీ విభాగం పేరే, మనిషి పేరు కాదు. ఫైలు ఆర్కైవ్‌కు తిరిగి చేరగానే అది కూడా చెరిగిపోతుంది.

రుజువు లేదని అక్కడి కోర్టులు ఆమె దావా కొట్టేశాయి. 2008 జులై 17న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు మాత్రం ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఎవరు చూశారన్న లాగ్ రాయనిది ఆసుపత్రి. అది లేని లోటు ఆమె నెత్తిన రుద్దడమేమిటన్నది ఆ తీర్పు సారాంశం.

'విభాగం పేరే' అన్న మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. నేను పనిచేసిన ఒకచోట జీతాల టేబుల్లో ఒక అంకె మారింది. ఆడిట్ టేబుల్ తెరిస్తే మార్చినవారి కాలమ్‌లో వరస వరసకీ 'యాప్_యూజర్'. కనెక్షన్ పూల్ వాడే చాలా అప్లికేషన్లదీ ఇదే కథ: లాగిన్ అయ్యేది వందమంది, డేటాబేసుకు కనిపించేది ఒక్కడు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో దీనికి మందు చిన్నదే. ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో 'సెట్ లోకల్'తో అసలు యూజర్ ఐడీ పెట్టాలి. ట్రిగ్గరు దాన్ని 'కరెంట్_సెట్టింగ్'తో తీసుకుని రాసుకుంటుంది. 'లోకల్' మరిచి ఉత్త 'సెట్' రాశారా, ఆ ఐడీ కనెక్షన్‌కే అంటుకుని పూల్‌లోకి వెళ్తుంది. తర్వాత ఆ కనెక్షన్ దొరికినవాడు చేసిన మార్పు ముందువాడి ఖాతాలో పడే ప్రమాదం. నన్నడిగితే దానికన్నా ఖాళీగా ఉన్న కాలమ్ నయం; అది కనీసం అబద్ధం చెప్పదు. ఐడీ లేకపోతే మార్పునే ఆపేసే ట్రిగ్గరు ఇంకా నయం.

ఇంత చేసినా ఆ నర్సుకు ఒరిగేదేమీ ఉండేది కాదు. ఆమె ఫిర్యాదు రికార్డు దిద్దారని కాదు, చూశారని. ట్రిగ్గర్లు పలికేది రాసినప్పుడూ మార్చినప్పుడూ తీసేసినప్పుడే, 'సెలెక్ట్'కు పలకవు. పీజీఆడిట్ అనే ఎక్స్‌టెన్షన్ డేటాను చదివే క్వెరీలను కూడా సర్వర్ లాగ్‌లో రాస్తుంది, కానీ అక్కడా యూజర్ పేరు పూల్‌దే. అందుకే రోగి పేజీ తెరిచిన క్షణంలోనే, తెరిచినవాళ్ళ ఐడీతో ఒక వరస అప్లికేషనే రాసెయ్యాలి. ఆ ఆసుపత్రి కూడా 1998 మార్చిలో, ఏ ఫైలు ఏ మనిషి చూశాడో వెనక్కి వెళ్ళి పట్టుకోగలిగేలా రిజిస్టరును మార్చుకుంది.