ఆసుపత్రి ఉద్యోగం: యూనిఫాం ఇచ్చారు, కాగితాలేవి?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే స్టూడియోలు, సినీ ప్రముఖుల భవనాలు గుర్తుకొస్తాయి. 1988లో అపోలో ఆసుపత్రి ఇక్కడ ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతం వైద్యానికీ పేరుపొందింది. ఆసుపత్రులు, ల్యాబ్‌లు, క్లినిక్‌లు పెరిగేకొద్దీ వార్డు సహాయకులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆపరేషన్ థియేటర్ సహాయకుల అవసరమూ పెరిగింది. షేక్‌పేట, బోరబండ, రహమత్‌నగర్ వంటి బస్తీల ముస్లిం యువతీయువకులకు ఇది గౌరవప్రదమైన జీవనోపాధి. అయితే ఆ ఉపాధికి పునాది ఎంత గట్టిదో తల్లిదండ్రులు ఆలోచించాలి.

మొదటి చిక్కు చదువు దగ్గరే ఉంది. ఆరు నెలల్లో ఉద్యోగమంటూ ఆశపెట్టే శిక్షణకేంద్రాలకు మన కుటుంబాలు అప్పుచేసి ఫీజులు కడుతున్నాయి. అనుబంధ ఆరోగ్య వృత్తులపై 2021లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఆ నిపుణులుగా గుర్తింపు పొందాలంటే రెండు నుండి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2,000 గంటల శిక్షణతో డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి. ఆరు నెలల సర్టిఫికెట్ ఈ కొలతకు అందదు. అది పట్టుకొని చేరినవారు ఏళ్లు గడిచినా సహాయకులుగానే మిగిలిపోతారు.

రెండో చిక్కు కొలువులో. మా వద్దకు వచ్చే పిల్లల్లో చాలామందికి నియామకపత్రం లేదు. పని ఆసుపత్రిలో, జీతం కాంట్రాక్టరు చేతిలో. పన్నెండు గంటల రాత్రి డ్యూటీకి అదనపు వేతనం ఉండదు. పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలో నెల జీతం 21,000 రూపాయలకు మించనివారికి ఈఎస్ఐ హక్కు. 12,000 జీతానికి ఉద్యోగి వాటా 90 రూపాయలు, యజమాని వాటా 390. కొందరికి ఆ 90 కోత పడుతున్నా ఈఎస్ఐ నంబరు మాత్రం తెలియదు. జీవవైద్య వ్యర్థాలను తాకే సిబ్బందికి హెపటైటిస్-బి టీకా వేయించడం 2016 నిబంధనల ప్రకారం ఆసుపత్రి బాధ్యత. సూది గుచ్చుకున్నాక ఆ సంగతి తెలిసి ప్రయోజనమేమిటి?

గట్టిగా అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం నిజమైనదే. అందుకే ఒంటరిగా ఒక ఆడపిల్లను అడగమనడం న్యాయం కాదు. ఆ బాధ్యత సమాజానిది. మస్జిద్ కమిటీలు విద్యాసహాయాన్ని ఇటువంటి పొట్టి కోర్సులకు కాక, గుర్తింపున్న రెండేళ్ల డిప్లొమాలకు కేటాయించాలి. చేరేముందు ఆ కళాశాలకు పారామెడికల్ బోర్డు అనుమతి ఉందో లేదో విచారించాలి. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మావంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. వారానికొక పూట కూర్చొని పిల్లల నియామకపత్రం, జీతపు రసీదు, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు పరిశీలించగలం, అవసరమైతే కార్మికశాఖకు అర్జీ వ్రాసిపెట్టగలం. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ప్రధాన యజమానే చెల్లించాలని చట్టం చెబుతోంది. ఆ మాటను అర్జీలో వ్రాసే చేయి కావాలి.

రోగికి రాత్రంతా కాపలా ఉండే బిడ్డ హక్కులకు కాపలా కాయవలసినది మనమే. వచ్చే జుమా నాటికి ప్రతి మస్జిద్ కమిటీ ఈ విషయాన్ని చర్చకు పెట్టాలని మా విజ్ఞప్తి.