ఆనవాళ్లు చాలు, కథ మేం అల్లుకుంటాం

వారం వారం: నల్లరేగడి

‘కల్కి 2898 ఏడీ’ ట్రైలర్ 2024 జూన్ 10న వచ్చింది, సినిమా అదే నెల 27న. ఈ మధ్యలో ఆ మూడు నిమిషాల వీడియో చూడని కుర్రాడు నంద్యాలలో ఎవడైనా మిగిలి ఉంటే, వాడి చేతిలో ఫోన్ లేదనుకోవాలి. సినిమా ఆడింది. వెయ్యి కోట్లు దాటిందని నిర్మాతలే చెప్పుకున్నారు. దాని మంచిచెడ్డల మీద వాదులాటలూ సద్దుమణిగాయి. ట్రైలర్ పనితనం మీద మాత్రం జరగాల్సినంత మాట జరగలేదని నా ఫిర్యాదు. అందులో తెలివి ఉంది. వెనకాలే కొంత కక్కుర్తి కూడా వచ్చి చేరింది.

మొదలుపెట్టడమే కాశీతో మొదలుపెట్టారు. లోకంలో మొదట వెలసిన ఊరు అదేనంటారు, ఆఖరికి మిగిలిందీ అదేనని చూస్తే తెలుస్తుంది. గంగ ఎండిపోయింది. కనుచూపు మేర దుమ్ము. పైన ఆకాశాన్ని మింగేస్తూ తలకిందులుగా నిలిచిన పిరమిడ్ ఒకటి. దాని పేరు కాంప్లెక్స్. నీళ్లు, చెట్టూ చేమా అన్నీ అక్కడ. కిందివాళ్లు పైకి పోవాలంటే యూనిట్లు కూడబెట్టాలి. అంత పెద్ద యంత్రం ఎట్లా నిలబడిందో, దేనితో నడుస్తోందో ఒక్క ముక్క చెప్పరు. చెప్పకపోవడమే మంచిదైంది. కరువు, వలస, పైకి పోయే దారి లేకపోవడం రాయలసీమ వాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పిరమిడ్ కొత్తదే గానీ దాని కింద నిలబడి పైకి చూసే మనిషి మనకు తెలిసినవాడే.

ఇక ఆ సంఖ్య. 2898 అని పేరులోనే పెట్టి వదిలేశారు. పంచాంగాల లెక్కలో కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైంది. దానికి ఆరువేల ఏళ్లు కలపండి, సున్నా సంవత్సరం గొడవ పక్కన పెట్టండి, అక్కడికే చేరతారు. కథ మహాభారతంలో మొదలై 2898లో ముగుస్తుందని, నడుమ ఆరువేల ఏళ్లని దర్శకుడు నాగ్ అశ్విన్ ఒక సభలో అన్నాడు కూడా. ట్రైలర్‌లో మాత్రం ఆరువేలన్న మాట ఊరికే వచ్చి పోతుంది. కూడిక మనకు వదిలేశారు. కూడుకున్నవాడు పక్కవాడికి చెప్పకుండా ఉండలేడు. ట్రైలర్ అట్లా నోటి నుంచి నోటికి పాకింది.

ఇట్లాంటి కూడికలు మా పక్క ఇవాళ కొత్తగా నేర్చుకున్నవి కావు. బనగానపల్లెలో అచ్చమ్మ గారి ఆవులు కాస్తూ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశాడంటారే, ఆ రవ్వలకొండ నంద్యాల జిల్లాలోదే. రాసిన తాటాకులు పాతిపెట్టాడని చెప్పే చింతమాను మఠం కూడా ఆ ఊళ్లోనే ఉంది. కాలజ్ఞానం కథ చెప్పదు. ఒక్కో ఆనవాలు విసిరి ముందుకు పోతుంది. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడంటుంది. ఎందుకు లేస్తాడు, లేచి ఎటు పోతాడు, చెప్పదు. వినేవాళ్లే తరతరాలుగా కూర్చుని పూరించుకుంటున్నారు. బసవన్న ఇరవై ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతున్నాడని చెప్పుకుంటూ, ఒకప్పుడు చుట్టూ తిరిగి ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు సందు లేదని ముసలివాళ్లు వేలితో చూపిస్తారు. భవిష్యత్తును తునకలు తునకలుగా వినడం, తునకలను అతికించుకోవడం, అతికించినదాని మీద రచ్చబండ దగ్గర గొడవపడడం, ఇవన్నీ వచ్చిన ప్రేక్షకులు మావాళ్లు. 1984లో ఎన్టీఆర్ బ్రహ్మంగారి వేషం కట్టిన సినిమాకు సీడెడ్‌లో జనం అట్లా విరగబడడానికి ఆయన గ్లామర్ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

ట్రైలర్‌కు ఇంతకన్నా అనువైన శ్రోతలు ఎక్కడ దొరుకుతారు? నుదుట మణి ఊడిన గాయం ఒక్క క్షణం కనబడితే చాలు, అశ్వత్థామ అని ఇక్కడ అంగడి ముందు కూర్చున్న ముసలాయన చెప్పేస్తాడు. కడుపుతో ఉన్న ఆడమనిషి పరుగెత్తుతుంటే లోపల ఉన్నది ఎవరో ఆమె కన్నా ముందే మనకు తెలుసు. పుట్టబోయేది పదో అవతారం. నాలుగో అవతారం స్తంభం చీల్చుకుని వచ్చిన అహోబిలం ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్లు. ఎగువ అహోబిలంలో చీలిన కొండను ఉగ్రస్తంభమని చూపించి, పసిపిల్లలకు కూడా అక్కడి నుంచే కథ చెబుతారు. వీళ్లకు అవతారమంటే ఏమిటో పరిచయం చేస్తూ పది సెకన్లు ఖర్చుపెట్టాల్సిన పని ఎడిటర్‌కు లేదు. ఆ మిగిలిన పది సెకన్లే వాహనాలకు, పోరాటాలకు దక్కాయి.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల వరస ఉంది కదా, అక్కడ ఈ ట్రైలర్ మీద నేను విన్న విమర్శ పత్రికల్లో ఎక్కడా చదవలేదు. రాతిదుమ్ము పట్టిన ఫోన్‌ను పంచెతో తుడిచి, ఒక కుర్ర శిల్పి అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్‌ను పరిచయం చేసిన వీడియో పెట్టాడు. ఏప్రిల్ 21న వచ్చిన ముక్క అది. గుడ్డపీలికలు చుట్టుకున్న మనిషి, ఎదురుగా నీవెవరని అడిగే చిన్నబిడ్డ.

“సూడండి సార్, ఈయప్పను ఎత్తుగ సూపీనీకె ఏం చేసినాడో. పక్కన బిడ్డను పెట్టినాడు. మేం ద్వారపాలకుని కాళ్లకాడ చిన్నబొమ్మ యాల పెడ్తాం? అది ల్యాకపోతే పెద్దబొమ్మ పెద్దగ కనపడదు.”

“మరి ట్రైలర్‌లో పెద్ద పిరమిడ్ ఉంది గదా నాయనా, అది?”

“అది ఒట్టి పెద్దది సార్. దాని పక్కన మనిషి కనపడినప్పుడే నాకు బయమైంది.”

తాళమానం చేతిలో ఉన్నవాడు గనక కొలత వెంటనే పట్టేశాడు. నిజంగానే ఆ ట్రైలర్‌లో వట్టి యంత్రాలే కనిపించే చోట కన్ను జారిపోతుంది. యంత్రం పక్కన ఒక వీపు, ఒక చెయ్యి, ఒక పరుగు పడినప్పుడు మాత్రం నిలబడుతుంది. కోట్లు పోసి కట్టిన కంప్యూటర్ లోకానికి ప్రాణం పోసింది ఆ చిన్నబొమ్మలే.

బుజ్జిని కూడా ఈ లెక్కలోనే చూడాలి. బుజ్జి ఆరు టన్నుల బండి. ముందు రెండు చక్రాలు, వెనక బంతిలాంటి ఒకే చక్రం. మహీంద్రా వాళ్లు, కోయంబత్తూరు జయెమ్ వాళ్లు కలిసి నిజంగా నడిచేట్టు చేసిపెట్టారు. అయితే జనానికి అది దగ్గరైంది చక్రాల వల్ల కాదు, కీర్తి సురేష్ గొంతు వల్ల. ప్రభాస్ వేసిన భైరవను అది దెప్పుతుంది, సణుగుతుంది, మాటకు మాట అంటుంది. కొత్త యంత్రాన్ని చూసి జడుసుకునేవాడికి ముందుగా నవ్వు తెప్పిస్తే సగం బెరుకు పోతుంది. సినిమాకు ముందు ఆ బండిని దేశంలోని పెద్ద ఊళ్లన్నీ తిప్పారు. దాన్ని కొత్త ప్రచారమని ఇంగ్లీషు చానళ్లు అబ్బురపడితే నాకు నవ్వొచ్చింది. అహోబిలేశుడు ఏటా సంక్రాంతికి పారువేటకు బయల్దేరి, నలభై రోజులకు పైగా ముప్పై చిల్లర ఊళ్లు పల్లకీలో తిరిగి, తన పెళ్లికి రమ్మని తానే పిలిచి వస్తాడు. పిలవాల్సినవాడు గడప దాకా వస్తే పోకుండా ఎవరుంటారు?

ఇంకో పిలుపు కూడా చెప్పాలి. 1991లో ‘ఆదిత్య 369’ వచ్చినప్పుడు టైం మెషీన్ అంటే ఏమిటో మనలో చాలామందికి తెలియదు. సింగీతం శ్రీనివాసరావు దాన్ని ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, మరోసారి 2504కు పంపాడు. ఆ సినిమాను దూరదర్శన్‌లో జనానికి పరిచయం చేసింది చిరంజీవి. హీరో బాలకృష్ణ. సీమలో ఆ రెండు అభిమాన సంఘాల వాళ్లు పోస్టర్ల దగ్గర ఎట్లా ఉండేవాళ్లో తెలిసినవాళ్లకు దీని బరువు తెలుస్తుంది. అవతలి పక్షం హీరో వచ్చి ఇది ఇంటిల్లిపాదీ చూడదగ్గదని చెబితే, యంత్రం మీద నమ్మకం లేనివాడికి కూడా మనిషి మీద నమ్మకం కుదిరింది. ఆ ప్రచారంలో గ్రాఫిక్స్ హడావుడి లేదు. అయినా నా దృష్టిలో తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు జరిగిన ప్రచారాల్లో అంత తెలివైనది మళ్లీ రాలేదు. 2025 ఏప్రిల్‌లో అదే సినిమాను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు, కొత్త ట్రైలర్‌తో. చక్కగా ఉంది. అంతే.

మళ్లీ ‘కల్కి’ ట్రైలర్‌కు వస్తే, శబ్దం సంగతి క్లుప్తంగా. ఢామ్మని ఒక మోత, వెంటనే నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఒక మాట, మళ్లీ మోత. 2010లో ‘ఇన్‌సెప్షన్’ వచ్చిన దగ్గర్నుంచి ప్రపంచమంతా ఇదే వరస. సంగీతం కట్టిన సంతోష్ నారాయణన్ కూడా ఆ దారి తప్పలేదు. కానీ చివర్లో కమల్ హాసన్ ముఖం వచ్చే చోటు వేరు. అంతసేపూ దాచి, ఎండిపోయిన ఆ ముఖాన్ని గుర్తుపట్టేలోపే తీసేశారు. అది కమలా కాదా అని వెనక్కి జరిపి చూసినవాళ్లు ఎంతమందో. ట్రైలర్‌ను రెండోసారి చూపించగలిగితే టికెట్ సగం కోసినట్టే. 1998లో ‘స్టార్ వార్స్’ కొత్త భాగం ట్రైలర్ కోసం అమెరికాలో జనం వేరే సినిమాకు టికెట్ కొని, ట్రైలర్ కాగానే లేచి వెళ్లిపోయారట. ఇప్పుడు ఆ ఖర్చు కూడా లేదు, వేలితో వెనక్కి జరిపితే చాలు.

కక్కుర్తి అన్నాను కదా. జూన్ 21న, విడుదలకు ఆరు రోజుల ముందు, రెండో ట్రైలర్ వదిలారు. మొదటిది ప్రశ్నలు వేసి ఊరుకుంటే ఇది జవాబులకు దిగింది. అశ్వత్థామ, భైరవల పోరును విప్పి పరిచింది. కొట్లాట ఉందని తెలిస్తే మాస్ జనం కదులుతారని లెక్క కావచ్చు. బసవన్న లేస్తాడని చెప్పి ఆగిపోయినవాడికి ఉన్న గుండెధైర్యం వందల కోట్లు పెట్టినవాడికి ఉండదు. దాంతో పాటు చిన్న మోసం కూడా ఉంది. ట్రైలర్ల ప్రకారం కథను మోసేవాడు భైరవ. సినిమాలో మోసింది అశ్వత్థామ. ప్రభాస్ కోసం పోయి మొదటి సగంలో ఇబ్బందిపడి, అమితాబ్‌ను మెచ్చుకుంటూ బయటికొచ్చిన అభిమానులు నాకు తెలుసు.

నాకున్న అసలు పేచీ వేరే ఉంది. పురాణం ఊత లేకుండా తెలుగు భవిష్యత్తు రెండు నిమిషాలు నిలబడదా? ఆనవాలు పురాణంలోనే ఉండాలని లేదు. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగిరొచ్చిన బూడిద అక్కడ నేల కింద మేటలు వేసి ఉంది. ఆ మేట కింద రాతి పనిముట్లు దొరికాయి, మేట పైనా దొరికాయి. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం 2007లో ‘సైన్స్’ పత్రికలో ఆ సంగతి రాసింది. అంత ఉత్పాతాన్నీ మనుషులు తట్టుకున్నారని వాళ్ల వాదన. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. ఏదైనా, లోకాంతం మన జిల్లా మీద ఒకసారి రాలిపోయిన మాట నిజం. ఆకాశం నుంచి బూడిద, గుహలో దాక్కున్న పిల్లలు, మర్నాడు రాయి మీద రాయి కొట్టిన చప్పుడు. గుహ వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా బెలుం గుహలు ఉన్నాయి. హాలీవుడ్ వాళ్లకు ఇది దొరికి ఉంటే ఈపాటికి మూడు భాగాలు తీసేవాళ్లు. మనవాళ్లు బనగానపల్లె దాకా వచ్చి నవాబు బంగళాను ‘అరుంధతి’ కోటగా చూపించి వెనక్కిపోయారు.

అట్లాగని ‘కల్కి’ రెండో భాగం ట్రైలర్ కోసం ఎదురుచూడడం లేదని కాదు. దాని చిక్కు మొదటిదానికి లేనిది. 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ వాళ్లు దీపికా పదుకోణె రెండో భాగంలో ఉండదని ప్రకటించారు. మొదటి ట్రైలర్ మొత్తం ఏ కడుపు చుట్టూ తిరిగిందో ఆ తల్లి ముఖమే మారబోతోంది. కొత్త ముఖాన్ని ట్రైలర్‌లోనే పెడితే విడుదల దాకా పోలికల గొడవే నడుస్తుంది, కథ ఎవడికీ పట్టదు. నేనే ఎడిటర్నైతే ఆమెను వెనక నుంచే చూపిస్తాను, బిడ్డ ఏడుపు మాత్రం వినిపిస్తాను. రెండో ట్రైలర్ అసలు కోయను.

— నల్లరేగడి