భూమి సర్దుకుంటుంది, సరే... ఎప్పటికి?

‘వాతావరణం మారడం భూమికి కొత్త కాదు. డైనోసార్ల కాలంలో ఇంతకంటే వేడిగా ఉండేది. అదే సర్దుకుంటుంది.’ టీవీ చర్చల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తరచూ వినపడే వాదన ఇది. ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే. క్రెటేషియస్ యుగంలో ధ్రువాల చేరువలో అడవులుండేవి. మూడో మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే ఎన్నాళ్లకు సర్దుకుంటుందో ఎవరూ చెప్పరు. మోసమంతా అక్కడే ఉంది.

ఆ సర్దుబాటు తీరును 1981లో జేమ్స్ వాకర్, పాల్ హేస్, జేమ్స్ కాస్టింగ్ వివరించారు. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచని ఆమ్లమై రాళ్లను కరిగిస్తుంది. ఆ కరిగినదంతా నదుల మీదుగా సముద్రం చేరి, జీవుల గుల్లలై, చివరికి సున్నపురాయిగా పేరుకుంటుంది. వేడెక్కితే ఈ పని జోరందుకుంటుంది, చల్లబడితే మందగిస్తుంది. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి చేలు దీని ఫలమే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన దక్కన్ లావా వానలకు నాని నాని మట్టయింది.

‘సర్దుకుంటుంది’ అనేవాళ్లు చూపించే గ్రాఫు చాలాసార్లు యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రాబర్ట్ బెర్నర్ జియోకార్బ్ నమూనాదే. పర్వతాలు లేవడం, మొక్కల వేళ్లు రాతిని తొలచడం, అగ్నిపర్వతాల పొగ, అన్నీ కలిపి 57 కోట్ల ఏళ్ల కార్బన్ జమాఖర్చు రాసిన నమూనా అది. కానీ అందులోకి వెళ్లే అంకెలు కోటి ఏళ్ల సగటులు. అంత పెద్ద కన్నాల జల్లెడలో ఒక శతాబ్దం నిలవదు. బెర్నర్ గీత కావాలి, ఆయన కాలమానం మాత్రం వద్దంటే ఎలా?

పోనీ, భూమి నిజంగానే సర్దుకున్న ఉదంతమే చూద్దాం. 5.6 కోట్ల ఏళ్ల కిందట కొన్ని వేల ఏళ్లలో భారీగా కార్బన్ గాలిలో కలిసి, భూమి 5 డిగ్రీలకు పైగా వేడెక్కింది. 2003లో దక్షిణ అట్లాంటిక్‌లోని వాల్విస్ రిడ్జ్ దగ్గర సముద్రగర్భం తవ్వి తీసిన మట్టి కడ్డీల్లో ఆ ఘట్టం కంటికి కనిపిస్తుంది. తెల్లటి సున్నపు బురద ఉన్నట్టుండి ఆగిపోయి, ఎర్రటి బంకమట్టి మొదలవుతుంది. నీరు ఆమ్లమై గుల్లలన్నీ కరిగిపోయిన చోటది. మళ్లీ తెలుపు తిరిగొచ్చి అంతా కుదుటపడడానికి లక్ష ఏళ్లకు పైగా పట్టింది.

ఇప్పుడు శిలాజ ఇంధనాల నుంచి ఏటా వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 3,700 కోట్ల టన్నులు. అగ్నిపర్వతాలన్నీ కలిసి విడిచేది అందులో దాదాపు నూరో వంతు. రాళ్లు కరుగుతూ పీల్చుకునేదీ ఇంచుమించు అంతే.

ఈ నత్తనడక తెలిసినవాళ్లు రాళ్లపై భారం వేసి కూర్చోలేదు. లావా గడ్డకట్టిన బసాల్ట్ రాతిని పిండి కొట్టి భారతీయ రైతుల పొలాల్లో చల్లిస్తున్న మాటీ కార్బన్ సంస్థకు 2025లో ఎక్స్‌ప్రైజ్ 5 కోట్ల డాలర్ల బహుమతి దక్కింది. కొండ తనంతట తాను ఈ పని సకాలంలో చేసేదైతే ఆ పిండిమరల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?