పశుపాలకుల స్మరణ

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును పచ్చికబయళ్లకును పశుపాలకులకును అంతర్జాతీయ వత్సరముగా బ్రకటించినది. ఈ సందర్భమున సభలు జరుగును. ఒంగోలు గిత్తలకు బూలమాలలు వేయుదురు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని గిత్తను గొనియాడువారు దానిని దీర్చిదిద్దిన మనుష్యుని మఱచుచున్నారని మేము మనవిచేయక తప్పదు.

ఒంగోలుజాతి ప్రభుత్వములు ప్రసాదించినది కాదు. గుండ్లకమ్మ, మూసీ నదుల నడుమ రైతులు తరతరములుగా మేలైన కోడెను విత్తనమున కుంచి, తక్కినవానిని కాడికి గట్టి సాధించిన ఫలమది. పెద్దల పేరిట అచ్చువేసి విడిచిన ఆబోతు ఊరందఱి సొత్తు; అది యెవని చేను మేసినను కొట్టువాడు లేడు. పేదవాని ఆవునకును శ్రేష్ఠమైన విత్తనము లభించుట కీ కట్టుబాటే యాధారమయ్యెను.

ఈ పశువులు పందొమ్మిదవ శతాబ్దమున ఓడలెక్కి బ్రెజిలు చేరినవి. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదగుటచే అచటివారు వానిని ‘నెలోరె’ యనిరి. నేడా దేశపు మాంసపశువులలో అధికభాగ మా రక్తము గలవే. 2023లో వయాటినా-19 అను నొక యావునందు మూడవవంతు వాటాయే వేలమున దాదాపు 70 లక్షల బ్రెజిలు రియాళ్లకు అమ్ముడుపోయినది. ఒంగోలు రైతునకు ముట్టినది శూన్యము. మన 2001 నాటి చట్టము వంగడములను రూపొందించిన కర్షకుని హక్కును గుర్తించినది; పశుజాతిని రూపొందించినవాని కట్టి చట్టము లేదు.

పశువులను తోలుకొని తిరుగువారి గతి యింతకంటె శోచనీయము. రైళ్లు రాకపూర్వము తీరపు టుప్పును మెట్టసీమలకును, ధాన్యమును సంతలకును ఎద్దులపై పెరికెలు వైచి చేర్చినవారు లంబాడీలు. రైలు వారి వృత్తిని హరించెను. పరప్రభుత్వము 1871లో నేరస్థజాతుల చట్టమును దెచ్చి, 1911లో మదరాసు రాజధానికిని వ్యాపింపజేసి, పెక్కు సంచారజాతులను పుట్టుకచేతనే దొంగలుగా నెంచెను. 1952లో ఆ చట్టము రద్దైనను అనుమానము రద్దు కాలేదు. అమరాబాదు ప్రాంతమున లంబాడీలు మున్నగువారు పెంచిన పొడ తూర్పుజాతి దేశీయజాతుల పట్టిక కెక్కినది. ఆ యడవియే పులుల రక్షణకేంద్రమైనది. 2006 నాటి అటవీహక్కుల చట్టము సంచార పశుపాలకుల మేతహక్కును గుర్తించియున్నది. దానిని కాగితముననే యుంచుట న్యాయము గాదు.

పరప్రభుత్వమును నిందించి యూరకుండుట మనకు దగదు. ఊరి మేతపోరంబోకును దున్నుకొన్నవాడు పరదేశి కాడు. పలుచోట్ల ఆ యూరి పెద్దరైతే. గ్రామపు ఉమ్మడి భూముల యాక్రమణలను దొలగింపవలెనని సుప్రీముకోర్టు 2011లో రాష్ట్రముల కాజ్ఞాపించినది. ఆ తీర్పు అమలగుటకు మన యిష్టమే మొదట గావలెను.

ట్రాక్టరు వచ్చినది, కాడియెద్దుల కాలము మరలునని మేమనుట లేదు. ఐనను ఎండకును రోగమునకును తాళగల యీ జాతులను గోల్పోయినచో మరల సంపాదించుట యసాధ్యము. కావున ప్రతి పంచాయతీయు మేతభూమిని కొలిపించి విడిపింపవలెను. ఊరికొక మేలుజాతి యాబోతును పోషింపవలెను. ఏ జాతిని ఏ సంఘమువారు పెంచిరో ప్రభుత్వము గ్రంథస్థము చేసి, విత్తనము విదేశములకు బోవునపుడు వారికి భాగము గల్పింపవలెను. శిలావిగ్రహములను తరువాత నెలకొల్పవచ్చును. మందకు మేతయు, కాపరికి ద్రోవయు లేనినాడు ఆ పూలమాలలవలన బ్రయోజనమేమి?