వాడ దాకా రాని బస్సు

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న ‘మహాలక్ష్మి’ పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ పేరుతో అదే సౌకర్యం అమలులోకి వచ్చింది. ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక అంతకుముందే ఈ దారి పట్టాయి. అయితే ఈ పథకాలపై మన చర్చ అంతా ఖజానా మీద భారం, బస్సుల్లో రద్దీ, ఆటోల గిరాకీ అనే మూడు మాటల చుట్టూనే తిరుగుతోంది. ఆడవాళ్లు ఎక్కడికి, ఎందుకు, ఎవరి అనుమతితో కదలాలో ఈ సమాజంలో నిర్ణయిస్తూ వచ్చింది కులమే. ఆ సంగతిని వదిలేసి ఉచిత ప్రయాణం మంచిచెడ్డలు తేల్చలేమని నా వాదన.

1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్ కులానికి ప్రాణం స్వకుల వివాహమేనని నిరూపించారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టుబాటును కాపాడే సాధనాలని వివరించారు. స్త్రీ రాకపోకలపై నిఘా కూడా ఆ కోవలోనిదే. ఆమె ఒంటరిగా బయలుదేరితే ఎవరిని కలుస్తుందో, ఎవరిని కోరుకుంటుందో కులపెద్దల చేతుల్లో ఉండదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఆ కేసులో శిక్షలు విధించింది. ‘పరువు’ పేరిట జరిగే ఇలాంటి హత్యల వెనుక ఉన్నది, కూతురు తన దారి తాను ఎంచుకోవడాన్ని సహించలేని కులమే.

అయితే ఈ కట్టడి అందరు స్త్రీలకూ ఒకే రూపంలో లేదు. అగ్రకుల స్త్రీకి గడప దాటకపోవడాన్ని గౌరవమన్నారు. దళిత స్త్రీని తెల్లవారకముందే గడప దాటించారు. నాట్లకు, కలుపులకు, పత్తి ఏరడానికి ఆమె మైళ్ల దూరం నడిచినా ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఎందుకంటే ఆ నడక ఆసామి పొలం దాకానే. అదే స్త్రీ చదువుకో, కోర్టుకో, సభకో బయలుదేరితే అప్పుడు ఊరికి ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. ఇక శూద్ర కులాల్లో నాలుగెకరాలు సమకూరగానే ఇంటి ఆడవాళ్లను పనికి పంపకపోవడం హోదాకు గుర్తయింది. అంటే ఒకరిని ఇంట్లో ఉంచడమూ, మరొకరిని పొలంలో ఉంచడమూ ఒకే వ్యవస్థ చేసిన రెండు పనులు.

దారి మీద హక్కు కోసం పోరాటం ఈ దేశంలో మొదటి నుంచీ కులపోరాటమే. తిరువాంకూరులో అయ్యంకాళి 1893లో ఎడ్లబండి ఎక్కి నిషిద్ధ రహదారిపై సాగినా, 1924లో వైకోం సత్యాగ్రహం ఆలయ వీధుల కోసం జరిగినా అడిగింది నడిచే హక్కే. అందుకే రాజ్యాంగం 15(2) అధికరణలో బావులు, చెరువులతో పాటు రహదారుల ప్రస్తావన కూడా వచ్చింది. 19(1)(డి) దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కునిచ్చింది. అయితే జేబులో ఛార్జీ లేనివారికి ఆ హక్కు కాగితం మీదనే ఉంటుంది.

ఉచిత టికెట్టు చేసిన అసలు మార్పు నా దృష్టిలో ఇక్కడే ఉంది. ఛార్జీకి డబ్బు అడగడమంటే భర్తకో తండ్రికో కారణం చెప్పుకోవడం, అనుమతి కోరడం. సున్నా టికెట్టు ఆ సంజాయిషీని తగ్గించింది. పుట్టింటికి, ఆసుపత్రికి, కళాశాలకు వెళ్లడం కొంతవరకైనా ఆమె నిర్ణయమైంది. బస్సులో వెల్లుల్లి ఒలుచుకుంటున్న మహిళల వీడియోపై 2024లో సాగిన వెక్కిరింతల అర్థం కూడా ఇదే. ప్రయాణంలోనూ ఇంటిపని వదలని శ్రామిక స్త్రీని చూసి నవ్వినవారికి కష్టమనిపించింది వెల్లుల్లి కాదు, ఆమె అక్కడ కూర్చోవడం.

అలాగని పథకాన్ని పొగిడి ఊరుకోలేం. టికెట్టు ఉచితమైనా బస్సు రాకపోతే ప్రయోజనం లేదు. బస్సు ఊరి నడుమ ఆగుతుంది. వాడ ఊరికి అవతల ఉంటుంది, తండాలూ గూడేలూ ఇంకా అవతల ఉంటాయి. సాయంత్రం ఆఖరి బస్సు తప్పితే చీకట్లో నడవాల్సింది ఆ అమ్మాయే. నాలుగు రోజులు అలా జరిగితే చదువు మాన్పించే మాట ఇంట్లో వినిపిస్తుంది. రద్దీ పెరిగిందని మహిళలను నిందించే బదులు బస్సులు ఎందుకు పెరగలేదని ప్రభుత్వాలను అడగాలి. ఆటో డ్రైవర్లలోనూ అత్యధికులు దళిత, బీసీ, ముస్లిం యువకులే. వారి గిరాకీ నష్టానికి పరిహారం చెల్లించాల్సింది ప్రభుత్వం. ఒకే వాడకు చెందిన అన్నాచెల్లెళ్ల మధ్య దాన్ని తగవుగా మార్చడం రాజకీయ లౌక్యం మాత్రమే.

మరో ప్రశ్న స్టీరింగు ఎవరి చేతిలో ఉందన్నది. తెలంగాణలోని ఒక లంబాడా తండా నుంచి వెళ్లిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా డ్రైవరయ్యారు. స్వరాష్ట్ర ఆర్టీసీలో ఆమెకు ఆ సీటు దక్కడానికి 2025 దాకా పట్టింది. మహిళలను ప్రయాణికులుగా ఆదరించిన సంస్థ వారిని డ్రైవర్లుగా చూడటానికి ఇంత కాలం తీసుకోవడం యాదృచ్ఛికం కాదు. లైసెన్సుకు, శిక్షణకు, బండి కొనడానికి డబ్బు కావాలి. భూమి లేని ఇంట్లో అది ఉండదు. ఉన్నచోట బండి మగవాడి పేరునే రిజిస్టరవుతుంది.

కనుక అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. వాడలు, తండాలు, గూడేల దాకా బస్సు మార్గాలు పొడిగించాలి. కళాశాలల వేళలకు, రాత్రి పనివేళలకు తగినట్టు బస్సులు నడపాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ యువతులకు ప్రభుత్వ ఖర్చుతో భారీ వాహనాల డ్రైవింగ్ శిక్షణ ఇచ్చి, ఆర్టీసీ నియామకాల్లో వాటా కల్పించాలి. ఉచిత ప్రయాణాన్ని దానంగా చూసే ప్రభుత్వం ఖజానా ఇబ్బంది రాగానే దాన్ని వెనక్కి తీసుకోగలదు. అదే హక్కుగా చట్టంలో చేరితే అంత తేలిక కాదు. విద్యార్థి, మహిళా, దళిత సంఘాలు ఇప్పుడు కలిసి అడగవలసింది ఆ చట్టాన్నే.